పైపుల మీదుగా రెండో దారి

మందుల ఫ్యాక్టరీలో ఎవరినైనా ఇంటికి పంపాలంటే ‘డేటా చెరిపేసింది’ అన్న మాట ఒక్కటి చాలు. పాశమైలారంలోని ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసే కృష్ణప్రియ మీద ఆ మాటే పడింది.

మాత్రలో మందు ఎంత ఉందో, ఉండకూడనిది ఏమైనా మిగిలిందో ఒక యంత్రం గీతగా గీసి చూపిస్తుంది. ఆ గీత కంప్యూటర్లో భద్రంగా ఉండాలి. బాగా వచ్చినా ఉండాలి, బాగా రాకపోయినా ఉండాలి. సోమవారం మధ్యాహ్నం కృష్ణప్రియ పెట్టిన పరీక్షల్లో కొన్నింటి గీతలు సగానికి తెగిపోయాయి, కొన్ని అసలు లేనే లేవు. సాయంత్రానికల్లా ల్యాబ్ అధికారి నుంచి ఆమె చేతికి మెమో వచ్చింది. ఫలితం చెడ్డగా వస్తే తీసేసిందేమోనని క్వాలిటీ వాళ్ల అనుమానం. విచారణ అయ్యేదాకా యంత్రం ముట్టుకోవద్దన్నారు.

మరునాడు పొద్దున ల్యాబ్ అధికారి కమలాకుమారి రుచితను పిలిపించింది. ఫ్యాక్టరీలో సర్వర్ల పని చూసేది రుచితే. సంగారెడ్డి నుంచి రోజూ కంపెనీ బస్సులో వస్తుంది. వెనక సీటులో కూర్చుని దారి పొడవునా నిద్రపోతుంది. పనిలో మాత్రం చేతిలోది అంతు తేలేదాకా వదలదని పేరు.

“చూడమ్మా, ఎవరు చెరిపారో, ఎప్పుడు చెరిపారో కంప్యూటర్లో ఉంటుంది కదా. అది నాకు తీసివ్వు,” అంది కమలాకుమారి. ఆమె ముఖం వాడిపోయి ఉంది. నెల తిరిగేసరికి విదేశీ తనిఖీ బృందం వస్తోంది. ఈ సమయంలో ఇలాంటి మాట బయటికి పొక్కితే ఫ్యాక్టరీ మొత్తం నమ్మకం పోతుంది.

రుచిత రెండు గంటలు వెతికింది. చెరిపినట్టు ఎక్కడా లేదు. కానీ చెరపలేదని తేలితే సరిపోదు, మరి ఏమైందో కూడా చెప్పాలి. ఆమె లేచి కృష్ణప్రియను వెతుక్కుంటూ వెళ్లింది. ఆ అమ్మాయి స్టోర్ రూములో గాజు సీసాలకు లేబుళ్లు అంటిస్తోంది.

“నిన్న ఏమైందో జెర నిమ్మళంగ చెప్పు ప్రియా.”

“ఏమో అక్కా. మౌస్ కదల్లేదు. స్క్రీన్ అలాగే బిగుసుకుపోయింది. కాసేపటికి ఏదో ఎర్రర్ వచ్చి, మళ్లీ దానంతటదే మామూలైంది. మధ్యాహ్నమంతా అలా ఆగుతూ నడుస్తూనే ఉంది. సాయంత్రం చూస్తే ఫైళ్లు లేవు.” కృష్ణప్రియ చేతిలోని లేబుల్ పక్కన పెట్టింది. “నేను చెరపలేదంటే ఎవరూ నమ్మట్లేదు. మా నాన్నకు ఇంకా చెప్పలేదు.”

“చెప్పకు. రేపటిదాంక ఆగు,” అంది రుచిత. ఆ మాట ఎందుకు అన్నదో ఆమెకే తెలియదు. చేతిలో ఏ ఆధారమూ లేదు.

ఆధారం మధ్యాహ్నం తనంతట తానే నడిచి వచ్చింది. సెక్యూరిటీ ఆఫీసరు ఖాళీ డిస్కొకటి పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. మొన్న లారీ గుద్ది గేటు వంగిపోయింది కదా, ఆ కెమెరా వీడియో ఇన్సూరెన్స్ వాళ్లకు మరో కాపీ కావాలట.

“నిన్ననే ఒకటి తీసిన మేడం, మధ్యాహ్నం తిండి కాంగనే మొదలువెట్టిన. పొద్దుగూకేదాంక నడిచింది. ఇయ్యాల జల్దీ అయ్యేటట్టు ఏమన్న చేస్తరా?”

రుచిత చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. నిన్న మధ్యాహ్నం. తిండి కాగానే. కృష్ణప్రియ స్క్రీన్ బిగుసుకున్నదీ అప్పుడే.

ఆ ఫ్యాక్టరీలో ల్యాబ్ సర్వర్లు ల్యాబ్ భవనంలోనే ఉన్నా, అవి రాసే డేటా మాత్రం అక్కడ ఉండదు. రోడ్డుకు అవతల ఆఫీసు భవనంలో స్టోరేజ్ పెట్టె ఉంది. సర్వర్ ఏది రాసినా కేబుల్ గుండా, నడుమ కేబుళ్లన్నీ కలిసే స్విచ్ ఒకటి దాటి, ఆ పెట్టెలోకి వెళ్లాలి. ఆ కేబులూ ఆ స్విచ్చే కెమెరాలకూ, ఆఫీసు మెయిళ్లకూ దారి. మామూలు రోజుల్లో అన్నీ సర్దుకుపోయేవి. గేటు కెమెరా వీడియో అంతా ఒక్కసారి బయల్దేరితే మాత్రం ల్యాబ్ సర్వర్‌కు దారి దొరకదు. అది కాసేపు ఎదురుచూసి, ఇక తన డిస్కే పోయిందనుకుని చేతులెత్తేస్తుంది.

“ఇయ్యాల కాపీ చెయ్యకుండ్రి సార్,” అంది రుచిత. “రేపు నేను ఫోన్ చేసినంక మొదలువెట్టుండ్రి.”

మరునాడు ఆమె ల్యాబ్‌కు ముగ్గురిని పిలిచింది. కమలాకుమారి వచ్చింది. రుచిత పై అధికారి, కంప్యూటర్ విభాగం మేనేజర్ చంద్రకాంత్ వచ్చాడు. ఫ్యాక్టరీ పెద్ద భీమశంకరం కూడా వచ్చాడు. ఆయనది కాకినాడ దగ్గరి ఊరు. ప్రభుత్వ రంగ కర్మాగారంలో బాయిలర్ల దగ్గర పనిచేయడానికి కుర్రతనంలో ఇటు వచ్చి, రిటైరయ్యాక ఈ ఫ్యాక్టరీలో చేరాడు. ఏ విషయమైనా కళ్లతో చూస్తే గాని నమ్మడు.

యంత్రంలో ఉత్త నీళ్లు పెట్టించి, కృష్ణప్రియనే కూర్చోబెట్టింది. స్క్రీన్ మీద గీత మెల్లగా ముందుకు పాకుతోంది. రుచిత ఫోన్ తీసి, “ఇగ మొదలువెట్టుండ్రి సార్,” అంది.

గీత పాకుతూనే ఉంది. చంద్రకాంత్ గడియారం చూసుకున్నాడు. కమలాకుమారి కుర్చీ జరుపుకుంది. రుచిత గీతనే చూస్తోంది. తప్పు లెక్క వేసిందా? ఇంతమందిని పిలిచి నవ్వులపాలవుతుందా?

“ఇగ చాలు రుచితా, పెద్దసారుకు వేరే పనులున్నయి,” అన్నాడు చంద్రకాంత్.

“ఆగింది!” అని అరిచింది కృష్ణప్రియ.

గీత నిలిచిపోయింది. మౌస్ కదిపితే కదలడం లేదు. అందరూ చూస్తుండగానే ఎర్రర్ పెట్టె వచ్చి స్క్రీన్ మధ్యలో నిలబడింది. రుచిత ఫోన్లో కాపీ ఆపమంది. కాసేపటికి స్క్రీన్ మళ్లీ కదిలింది. ఆ పరీక్ష గీత మాత్రం సగమే మిగిలింది.

కమలాకుమారి లేచి కృష్ణప్రియ దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. “తప్పు నాది తల్లీ. అడగాల్సినవాళ్లను అడక్కుండా నిన్ను అడిగాను. మెమో ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను,” అంది, అందరికీ వినబడేలా.

రెండు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు కృష్ణప్రియకు అప్పుడొచ్చింది. రుచిత ఆమెను చూసి తానూ కళ్లు తుడుచుకుని, చిన్నగా నవ్వేసింది.

భీమశంకరం తన గదికి వెళ్లగానే రుచితనూ చంద్రకాంత్‌నూ పిలిచాడు. “ఇప్పుడేం చెయ్యాలి?”

చంద్రకాంత్ ముందుగా అందుకున్నాడు. “సార్, ల్యాబ్‌ల రెండే మెషిన్లున్నప్పుడు ఏసిన లైన్ అది. అప్పటికి మస్తు నడిచింది. మార్చాలె, కాదంటలేను. గని తనిఖీ ముంగట కెలుకుడెందుకు? కెమెరా కాపీలు బంద్ పెడదాం. తనిఖీ అయినంక నిమ్మళంగ చేసుకుందాం.”

“నువ్వేమంటావమ్మాయ్?”

రుచిత ఒక్క క్షణం తన అధికారి వైపు చూసింది. ఆయన మనిషి మంచివాడు. ఈ ఉద్యోగంలో పని నేర్పింది ఆయనే. అయినా ఉన్నమాట చెప్పాలి.

“కెమెరా కాపీ ఆపితే ఇయ్యాలటికి ఆగుతది సార్. రేపు ఇంకొకటి వస్తది. స్టోరేజ్‌కు పొయ్యే దారిల ఇంకెవ్వరు నడవొద్దు. అది దానికే ఉండాలె. గా దారి గూడ ఒక్కటి కాదు, రెండుండాలె. రెండు కేబుళ్లు, రెండు స్విచ్‌లు. ఒక స్విచ్‌కు ఒక యూపీఎస్ కాడికెల్లి కరెంటు, ఇంకోదానికి ఇంకో యూపీఎస్. ఒకటి పోతే సర్వర్ తనంతట తనే రెండోదాంట్లకెల్లి పోవాలె.”

భీమశంకరం కుర్చీలో ముందుకు వంగాడు. “బాయిలర్‌కు నీళ్లు తోసే పంపులు ఎప్పుడూ రెండు పెడతాం. ఒకటి ఆగితే రెండోది అందుకోవాలి, లేకపోతే బాయిలర్ పేలుద్ది. మేం చేరిన కొత్తలో ఒకచోట రెండు పంపులకూ ఒకే ప్యానెల్ నుంచి కరెంటిచ్చారు. ఫ్యూజు పోతే రెండూ ఆగాయి. నువ్వు చెప్పేది అదేనా?”

“అదే సార్!”

“వచ్చే వారం ప్లాంటు మెయింటెనెన్సుకు ఆపుతున్నాం. అప్పుడు చేసెయ్యండి. చంద్రకాంత్, ఈ పని అమ్మాయిది. నువ్వు వెనకుండు.”

బయటికి వచ్చాక చంద్రకాంత్ ముందు నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, “నువ్వు చెప్పింది కరెక్టే. నాకు భయం, గంతే,” అన్నాడు.

ప్లాంటు ఆగిన రోజుల్లో రుచిత బస్సులో నిద్రపోవడం మానేసింది. పాత స్విచ్‌ను కెమెరాలకూ ఆఫీసుకూ వదిలేసి, స్టోరేజ్‌కు మాత్రమే కొత్తవి రెండు పెట్టించింది. కేబుళ్లు వేసే పని ప్రవీణ్‌కుమార్ అనే కాంట్రాక్టరుకు ఇచ్చారు. పని అయిపోయిందని అతను ఫోన్ చేస్తే, రుచిత ల్యాబ్ భవనం నుంచి ఆఫీసు భవనం దాకా ఎండలో నడిచి చూసింది. రెండు కేబుళ్లూ ఒకే గుంతలో, పక్కపక్కనే పడుకుని ఉన్నాయి.

“గిదేంది అన్నా? రెండు ఒక్కదాంట్లనే ఏస్తివి?”

“రెండు కేబుళ్లన్నరు, రెండేసిన గద మేడం.”

“ఒక్క పోటు పడితే రెండు తెగుతయి. ఇగ రెండెందుకు, ఒక్కటే ఏస్తే అయిపోతుండె.”

“రోడ్డు పక్కకు ఎవలు తవ్వుతరు మేడం? మీరు ఊకె పరేషాన్ అయితున్నరు.”

“ఒకటి ఈడనే ఉండని. ఇంకోటి తీసి పైకెల్లి ఎయ్యి.” ఆమె తలెత్తి చూపించింది. భవనాల మధ్య ఎత్తైన ఇనుప స్తంభాల వరస మీద నీళ్ల పైపులు, ఆవిరి పైపులు వెళుతున్నాయి.

ప్రవీణ్‌కుమార్ తల పట్టుకున్నాడు. అతని దగ్గర పనిచేసే ఒడిశా కుర్రాళ్లు పైకి చూసి నవ్వుకున్నారు. “మేడం, ఊపర్ సే?”

“హా భయ్యా, ఊపర్ సే. పానీ పైప్ కే సాథ్. స్టీమ్ సే దూర్ రఖో,” అంటూ నీళ్ల పైపు పక్కనుంచి, ఆవిరికి దూరంగా వెయ్యమని చేత్తో చూపించింది రుచిత.

వాళ్లు నడుముకు బెల్టులు కట్టుకుని ఎక్కారు. రుచిత ఆ పూటంతా కిందే నిలబడి, కేబుల్ ఆవిరి పైపు వైపు జరిగినప్పుడల్లా అరుస్తూనే ఉంది. సాయంత్రానికి గొంతు పోయింది. రెండో దారి మాత్రం ఆకాశం మీదుగా తయారైంది.

ఇక పరీక్ష. సర్వర్ నుంచి పెట్టెలోకి పెద్ద ఫైలొకటి కాపీ పెట్టి, అది నడుస్తుండగా రుచిత మొదటి కేబుల్ పీకింది. రెండోది అందుకోవాలి.

అందుకోలేదు. కాపీ అక్కడే ఆగిపోయింది. సర్వర్ బిగుసుకుపోయింది.

మళ్లీ చేసింది. మళ్లీ అంతే. చిన్న ఫైలు పెడితే హాయిగా వెళుతోంది, పెద్దది పెడితే ఆగిపోతోంది. అన్ని దీపాలూ పచ్చగానే వెలుగుతున్నాయి. రుచిత నేల మీద కూలబడింది. ఎల్లుండి ప్లాంటు మొదలవుతుంది. ఫ్యాక్టరీ పెద్ద ముందు అంత ధీమాగా చెప్పింది. ఇప్పుడేమని చెప్పాలి?

చంద్రకాంత్ టీ తెచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. చేసినవన్నీ మొదటినుంచి చెప్పమన్నాడు. మధ్యలో ఒకచోట చెయ్యెత్తి ఆపాడు.

“డేటాను పెద్ద పెద్ద మూటలు కట్టి పంపమని సర్వర్‌కు చెప్పినవు. పెట్టెకు చెప్పినవు. స్విచ్‌లకు?”

“మొదటిదానికి చెప్పిన సార్. రెండోదానికి...” రుచిత కళ్లు పెద్దవయ్యాయి. “రెండోది నడుమ ఒకసారి ఖరాబైతే మార్చి ఇచ్చిండ్రు. కొత్తదానికి చెప్పలే!”

“ఇగ చిన్న మూటలు దూరుతయి, పెద్దయి గడప కాడనే ఆగుతయి. దారిల ఉన్న అందరికి ఒక్క కొలతే చెప్పాలె. నేను గూడ ఒకసారి గిట్లనే మూడు దినాలు తల కొట్టుకున్న.”

ఇద్దరూ ఒక్కసారే లేచారు. కొలత సరిచేశారు. కాపీ మళ్లీ పెట్టారు. ఈసారి కేబుల్ పీకే వంతు చంద్రకాంత్ తీసుకున్నాడు. కళ్లు మూసుకుని మరీ లాగాడు.

కాపీ ఒక్క క్షణం తడబడి, మళ్లీ పరుగు అందుకుంది.

“పోతుంది సార్! పోతుంది!”

ఆ తర్వాత వాళ్లు పీకనిది లేదు. రెండో కేబుల్ పీకారు, ఒక స్విచ్ ఆర్పారు, ఇంకో స్విచ్ ఆర్పారు, ఒక యూపీఎస్ కరెంటు తీసేశారు. ప్రతిసారీ ఒక దారి మూసుకుంటే ఇంకో దారిన డేటా వెళ్లింది. చివరికి రెండు దారులూ ఒక్కసారే తెంపి, అప్పుడు ల్యాబ్ యంత్రం ఏం చేస్తుందో కూడా చూశారు. భీమశంకరం వచ్చి తానూ ఒక కేబుల్ పీకి చూశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పీకాడు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టుంది ఆయన సంబరం.

తనిఖీ బృందం వచ్చిన రెండో రోజు. ముందురోజు కురిసిన వానకు గేటు దగ్గర నీళ్లు మోకాలి లోతున నిలిచాయి. రోడ్డు పక్క కాలువ తెరవడానికి సివిల్ పనులవాళ్లు జేసీబీ తెప్పించారు. ల్యాబ్‌లో తెల్లజుట్టు ఇన్‌స్పెక్టరమ్మ కృష్ణప్రియ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పరీక్ష మొదటినుంచి చివరిదాకా తన కళ్ల ముందే జరగాలంది.

రుచిత ఫోన్ గట్టిగా మోగింది. మొదటి దారి తెగిందని హెచ్చరిక.

ఆమె సర్వర్ గదికి పరుగెత్తింది. స్క్రీన్ మీద మొదటి దారి ఎర్రగా ఉంది. రెండోది పచ్చగా ఉంది. ల్యాబ్ నుంచి డేటా ఆగకుండా, తొణక్కుండా వచ్చి పడుతోంది. అంతలో చంద్రకాంత్ రొప్పుతూ వచ్చాడు. “జేసీబీ కొట్టింది! గుంతల కేబుల్ రెండు ముక్కలైంది!”

వెనకాలే భీమశంకరం. ఆయన ముఖంలో రంగు లేదు. “అమ్మాయ్, ల్యాబ్‌లో పని ఆగిందా?”

“ఆగలే సార్.”

“ఏమైనా పోయిందా?”

“ఒక్క చుక్క గూడ పోలే. పైకెల్లి నడుస్తుంది.”

“చెప్పకుంటే వాళ్లకు తెల్వనే తెల్వదు సార్,” అన్నాడు చంద్రకాంత్ మెల్లగా.

భీమశంకరం స్క్రీన్ వైపు చూశాడు. ఆయన నడుము నిటారుగా అయింది. “ఏమీ పోనప్పుడు దాచడం దేనికయ్యా? పదండి, మనమే చెబుదాం.”

ల్యాబ్‌లో గీత పాకుతూనే ఉంది. కృష్ణప్రియకు అసలు సంగతే తెలియదు. నిలబడి ఇన్‌స్పెక్టరమ్మ అడిగినదానికి జవాబు చెబుతోంది. భీమశంకరం నేరుగా ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఇప్పుడే మా డేటా కేబుల్ ఒకటి తెగిపోయిందని చెప్పాడు. కమలాకుమారి చేయి నోటి మీదికి వెళ్లింది.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. ఎప్పుడు తెగిందో అడిగింది. ఆ సమయం దగ్గర గీతను పెద్దది చేసి చూపమంది. కృష్ణప్రియ చూపించింది. గీతలో ఎక్కడా విరుపు లేదు. ముందూ వెనకా జరిపించి చూసింది. లేదు. తర్వాత రుచిత వైపు తిరిగి, రెండో దారి కూడా తెగితే ఏం చేస్తారని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు రుచిత చెప్పింది. రెండూ తెగితే యంత్రం కొత్త పరీక్ష మొదలుపెట్టదు, కొత్తగా చేసిన ఏర్పాటు వల్ల అప్పటికి నడుస్తున్నదాన్ని తన సొంత కంప్యూటర్లో దాచుకుంటుంది, దారి తెరుచుకున్నాక పెట్టెకు చేరుస్తుంది. అది కూడా చేసి చూశామని చెప్పింది. ఇంగ్లిషు ఎక్కడా తడబడలేదు. తర్వాత తలచుకుంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ తెగిన చోటు చూస్తానంది. అందరూ వాన బురదలో నడిచి వెళ్లారు. జేసీబీ డ్రైవరు తన ఉద్యోగం పోయిందనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుంతలో కేబుల్ రెండు ముక్కలై వేలాడుతోంది. ఆమె తలెత్తి పైపుల వరస మీద వెళుతున్న రెండోదాన్ని చాలాసేపు చూసింది. తర్వాత రుచితకు చెయ్యి చాచి గట్టిగా ఊపింది. ఒక దారి తెగితే రెండోది అందుకుంటుందని ఎన్నో ఫ్యాక్టరీల్లో కాగితం మీద చదివాను గాని, జరుగుతుండగా చూడటం ఇదే మొదటిసారి అంది.

తనిఖీ ముగిసిన రోజు సమావేశంలో ఫ్యాక్టరీకి దిద్దుకోవలసినవి కొన్ని చెప్పారు. ల్యాబ్ గురించి, డేటా గురించి ఒక్క తప్పు కూడా వేలెత్తి చూపలేదు. ఆ మాట కమలాకుమారి బయటికొచ్చి చెప్పగానే ల్యాబ్ పిల్లలంతా కేకలు వేశారు. కృష్ణప్రియ రుచితను గట్టిగా వాటేసుకుంది.

“ఇగ చాలు, ఊపిరాడుతలేదు,” అంది రుచిత నవ్వుతూ.

“మన కంపెనీ రెండో యూనిట్‌లో కూడా ఇలాగే చెయ్యాలి,” అన్నాడు భీమశంకరం. “ఎప్పుడు మొదలుపెడతారు?”

చంద్రకాంత్ రుచితను ముందుకు తోశాడు. “రుచిత చెప్తది సార్. ఆమె చెప్పినట్టు నేను చేస్త.”

“సోమవారం మొదలువెడదాం సార్,” అంది రుచిత. “ముందుగాల ఆడ పైపులు ఏడికెల్లి పోతున్నయో నడిచి సూడాలె.”

అందరూ క్యాంటీన్‌కు బయల్దేరారు. తనిఖీ మొదలైనప్పటి నుంచి రుచితకు తిండి మీద ధ్యాసే లేదు. ఆ రోజు వేడి వేడి పప్పు, గోంగూర పచ్చడి కలుపుకుని, కమలాకుమారి వడ్డిస్తుంటే వద్దనకుండా తింది. ఇంకా కావాలని అడిగి మరీ పెట్టించుకుంది.